నడివయసున పరిచర్యకు వచ్చినవారు

పరిచర్య అను మాట మన సంఘములలో రెండు చోట్ల వినబడును. గుడిలో జరుగు వాక్యసేవను పరిచర్య అందుము. రోగి మంచము ప్రక్కన జరుగు సేవనుకూడ పరిచర్య అనియే అందుము. పౌలు రోమా సంఘమునకు వ్రాసిన పత్రిక చివర ఫీబే అను సహోదరి పరిచారకురాలని చెప్పబడినది. ఆమె వయస్సెంతయో అక్కడ వ్రాయబడలేదు. ద్రాక్షతోట ఉపమానములో ప్రొద్దు క్రుంకు వేళ పనికి వచ్చినవారిని యజమానుడు ఆలస్యమైనదని త్రోసివేయలేదు, తోటలోనికే పంపెను.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతపు పల్లెలలో ఒక ప్రశ్న అప్పుడప్పుడు వినబడుచుండును. భర్త పోయి, బిడ్డలను టమాట తోటల కూలితో పోషించుకొనుచున్న తల్లి అడుగును. మంచమున పడిన అత్తగారికి నాలుగేండ్లు సేవచేసి, ఆమెను సాగనంపిన పిమ్మట చేతులు ఖాళీ అయిన కోడలు అడుగును. బెంగుళూరులో పని పోయి ఊరు చేరిన నలువది యేండ్ల మగవాడును అడుగును. "ఇంత వయసు వచ్చిన తరువాత నేను నర్సు పని నేర్చుకొనవచ్చునా? నలుగురు నవ్వరా?" ఇది కేవలము జీతమునకు సంబంధించిన ప్రశ్న కాదు, కేవలము భక్తికి సంబంధించినదియు కాదు. కడుపును మనస్సును కలిసి అడుగు ప్రశ్న. దీనికి జవాబు చెప్పవలెనన్న ముందు చరిత్ర చూడవలెను. ఏలయనగా నర్సు పని అను ఈ వృత్తి మొదలుపెట్టినవారిలో నడివయసువారు పలువురు కలరు.

మొదట ఒక పురుషుని సంగతి చూతము. దేవుని యోహాను అని పేరు పొందిన ఆయన 1495లో పోర్చుగల్ దేశమున పుట్టెను. గొఱ్ఱెలు కాచెను, సిపాయిగా యుద్ధములకు పోయెను, తుదకు స్పెయిను దేశములోని గ్రెనడా పట్టణములో పుస్తకములమ్ముకొని బ్రతికెను. 1537లో ఒక ప్రసంగము విని ఆయన హృదయము ఎంతగా కలత చెందెననగా, చూచినవారు పిచ్చిపట్టినదని అతనిని పిచ్చివారి ఆసుపత్రిలో ఉంచిరి. అక్కడ రోగులను కొట్టుటయు కట్టివేయుటయు తన కన్నులార చూచెను. బయటికి వచ్చిన తరువాత, నలువది దాటిన వయసులో, దిక్కులేని రోగులను చేర్చుకొని పరిచర్య చేయ మొదలుపెట్టెను. ఆయన పేరిట ఏర్పడిన సహోదరుల సమాజము నేటికిని అనేక దేశములలో ఆసుపత్రులు నడుపుచున్నది. నర్సు పని ఆడువారికే అనుకొను మన మగవారు ఈ సంగతి గుర్తుంచుకొందురు గాక. రోగిగా పడిన బాధయే ఆయనకు మొదటి పాఠశాల.

ఇక మూడు వందల యేండ్లు ముందుకు రావలెను. జర్మనీ దేశములో రైను నది ఒడ్డున కైసర్స్‌వెర్త్ అను చిన్న ఊరు కలదు. తెయొడోర్ ఫ్లీడ్నర్ అను పాస్టరు 1822లో అక్కడి బీద సంఘమునకు వచ్చెను. వచ్చిన కొలదికాలమునకే ఊరికి ఆధారమైన బట్టల మిల్లు దివాలా తీసెను. సంఘమును నిలువబెట్టుటకు ఆయన హాలెండు, ఇంగ్లండు దేశములు తిరిగి చందాలు ప్రోగుచేసెను. ఆ ప్రయాణములలో చెరసాలల స్థితియు, రోగుల స్థితియు చూచెను. ఆ దినములలో ఆసుపత్రులలో పనిచేయువారు చాలమంది శిక్షణ లేనివారు, త్రాగుబోతులును ఉండిరి. సంఘములోని స్త్రీలకు నేర్పి రోగుల సేవకు పంపవలెనని ఫ్లీడ్నరుగారును ఆయన భార్య ఫ్రెడెరికమ్మగారును తలచి, 1836లో ఒక ఇల్లు కొని ఆసుపత్రి తెరచిరి.

ఆ ఆసుపత్రికి మొదటి పరిచారకురాలిగా వచ్చినదెవరు? పదునెనిమిదేండ్ల పడుచు కాదు. గెర్‌ట్రూడ్ రైఖార్ట్ అను వైద్యుని కుమార్తె. ఆమె 1788లో పుట్టినది. వచ్చునాటికి 48 యేండ్లు. ఇంటిలో తండ్రికి వైద్యపు పనిలో చేయూతగా నుండి ఎన్నో యేండ్లుగా రోగులను చూచుచు వచ్చినది. ఆమె వచ్చి చూచినప్పుడు ఆ ఆసుపత్రిలో పాత బల్ల, విరిగిన కుర్చీలు, కొద్దిపాటి దుప్పట్లు తప్ప ఏమియు లేవు. ఆ స్థితిని చూచి ఆమె సందేహించినది, అయినను నిలిచినది. ఆ ఒక్కతె నిలువబట్టి ఆ పని నిలిచినది. తరువాతి యేండ్లలో అక్కడ శిక్షణ పొందినవారు దేశదేశములకు వెళ్లిరి. నేడు లోకమంతట ఉన్న నర్సింగు బడుల వంశవృక్షమును వెదకుచు పోయిన, ఒక వేరు ఈ 48 యేండ్ల స్త్రీ దగ్గర తేలును.

ఆ వేరునుండి పుట్టిన కొమ్మయే ఫ్లోరెన్స్ నైటింగేల్. ఆమె 1820లో పుట్టినది. పదునారేండ్ల వయసులోనే దేవుడు తన్ను సేవకు పిలిచెనని నమ్మినది. కాని ధనవంతులైన తలిదండ్రులు ఒప్పుకొనలేదు. వారి కండ్లకు నర్సు పని కులీన కుటుంబపు పిల్ల చేయదగిన పని కాదు. పిలుపు విన్ననాటినుండి 1851లో కైసర్స్‌వెర్త్‌లో మూడు నెలల శిక్షణకు పోవువరకు పదునాలుగు సంవత్సరములు గడచినవి. అప్పటికి ఆమెకు 31 యేండ్లు. ఆ కాలమునందు అది పెండ్లి వయసు మించిపోయిన వయసు. కాని ఆ పదునాలుగేండ్లును ఆమె వృథాగా కూర్చుండలేదు. ఆసుపత్రుల లెక్కలును నివేదికలును తెప్పించుకొని చదివినది. 1854లో 38 మంది స్త్రీలను వెంటబెట్టుకొని క్రిమియా యుద్ధములో గాయపడినవారి కొరకు స్కుటారి పోయినది. అక్కడ గాయములకంటె మురికివలన వచ్చు జ్వరములు ఎక్కువమందిని చంపుచుండెను. మురుగు కాలువలు బాగుచేసి, గాలి వెలుతురు రానిచ్చిన తరువాత చావులు తగ్గినవి. 1860లో లండనులో ఆమె పేర నర్సుల బడి వెలసినది.

అదే యుద్ధమునకు మరియొక స్త్రీ వెళ్లినది. మేరీ సీకోల్ అను ఆమె జమైకా దీవిలో 1805లో పుట్టినది, నల్లజాతి తల్లి బిడ్డ. తల్లివద్ద నాటువైద్యము నేర్చుకొని, పూటకూళ్ల ఇల్లు నడుపుచు, కలరా వచ్చినపుడు రోగులను చూచుచుండెడిది. యుద్ధమునకు నర్సుగా వచ్చెదనని లండనులో అడుగగా ఆమెను తీసికొనలేదు. అప్పుడామె తన సొంత ఖర్చుతో 1855లో బయలుదేరి, సుమారు 50 యేండ్ల వయసులో, యుద్ధభూమి దగ్గరనే సిపాయిలకు భోజనమును మందును ఇచ్చు విడిది పెట్టుకొన్నది. ఒక తలుపు మూయబడినప్పుడు ఇంటికి తిరిగిపోక మరియొక తలుపు వెదకినవారిలో ఈమె ఒకతె.

ఇప్పుడు మన దేశమునకు వత్తము. మద్రాసు జనరల్ ఆసుపత్రిలో 1871లో మంత్రసానుల శిక్షణ మొదలైనదని నర్సింగు చరిత్రలు చెప్పుచున్నవి. మొదట నలుగురే విద్యార్థినులు. ఆ కాలములో పరాయివారి మలమూత్రములు ఎత్తుట, పరపురుషుని దేహమును తాకుట, రాత్రివేళ ఇల్లు విడిచి ఉండుట, ఈ మూడును అగ్రకులములవారికి అసహ్యముగా తోచినవి. కనుక ఎవరు వచ్చిరి? విధవలు వచ్చిరి, భర్తలు విడిచిన స్త్రీలు వచ్చిరి, అనాథలు వచ్చిరి, క్రైస్తవ సంఘములలోని బీద ఇండ్లవారు వచ్చిరి. పండిత రమాబాయి 1889లో బొంబాయిలో తెరచిన శారదా సదనము వంటి చోట్ల చదువుకొన్న విధవలలో కొందరు పంతులమ్మలు, కొందరు నర్సులు అయిరి. లోకము పనికిరారని ఒక మూలకు నెట్టినవారే ఈ వృత్తికి పునాదిరాళ్లు.

మన ప్రాంతపు చరిత్ర ఇంకను స్పష్టముగా మాటలాడును. ఆర్కాటు మిషనుకు చెందిన జేకబ్ చేంబర్లేన్‌దొరగారు 1863లో మదనపల్లెలో మిషను పని ఆరంభించిరి. ఆయన బోధకుడును వైద్యుడును. 1908లో మదనపల్లెలోనే ప్రభువునందు నిద్రించిరి. స్త్రీలకును బిడ్డలకును ప్రత్యేకముగా మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి 1911లో ఆ పట్టణమున వెలసినది. డాక్టర్ లూయిసా హార్ట్ అమ్మగారి పేరు దానితో ముడిపడియున్నది. పుంగనూరులోను ఆ మిషనువారు వైద్యసేవ జరిపిరి. మగ డాక్టరుకు చేయి చూపుటకే ఒప్పుకొనని ఆ దినములలో, ఘోషా ఇండ్ల తలుపులు తెరచుకొన్నది స్త్రీ వైద్యులకును నర్సులకును మాత్రమే.

1912లో పలు మిషనులు కలిసి క్షయరోగులకు మదనపల్లెలో ఒక శానిటోరియము మొదలుపెట్టిరి. డెన్మార్కు దేశస్థుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమొడ్ మొల్లర్‌గారు దానికి అధికారి. 1915లో అది ఆరోగ్యవరము అను పేరుగల నేటి స్థలములో తెరువబడినది. సుమారు 2,300 అడుగుల ఎత్తున, పొడిగాలి వీచు నేల యది. అప్పటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడినది 1943లో. అంతవరకు రోగికి చేయగలిగినదెల్ల విశ్రాంతి, మంచి గాలి, బలమైన భోజనము. కొందరికి ఊపిరితిత్తిని కొంతకాలము పనిచేయకుండ అణచియుంచు చికిత్స. రోగి నెలలతరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరములతరబడి మంచము పట్టియుండవలెను. ఆలోచించుడి: మందు లేని రోగమునకు ముఖ్యమైన మందు ఎవరు? నర్సే. జ్వరము చూచి వ్రాయుట, కఫపు పాత్రను జాగ్రత్తగా తీసి కాల్చుట, తూకము చూచుట, నిస్పృహ చెందిన రోగిచేత మరియొక ముద్ద తినిపించుట, ఇవి దినదినము జరుగవలసినవి. ఇది తొందర గుణముగలవారు చేయగల పని కాదు. ఓర్పు కావలెను, జీవితములో దుఃఖము ఎరిగిన మనస్సు కావలెను.

తరువాత గొప్ప మార్పు వచ్చినది. 1948లో మన దేశములో బి.సి.జి. టీకాలు మొదట వేయబడిన చోట్లలో మదనపల్లె ఒకటి. 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలైనది. క్షయరోగులను రెండు గుంపులుగా చేసి, ఒక గుంపును శానిటోరియములో ఉంచిరి, రెండవ గుంపునకు తమ బీద ఇండ్లలోనే మందులిచ్చిరి. 1959లో ఫలితము ప్రకటింపబడినది. ఇంటిలో ఉండి సరిగా మందు తిన్నవారు శానిటోరియములోని వారితో దాదాపు సమానముగా కోలుకొనిరి. ఇంటివారికి రోగము అంటుటయు ఎక్కువ కాలేదు. ఆ ఫలితము లోకమంతట క్షయ వైద్యమును మార్చివేసినది. ఆరోగ్యవరమువంటి చోటులుకూడ క్రమముగా అన్ని రోగములు చూచు ఆసుపత్రులుగా మారినవి.

ప్రియ చదువరీ, ఈ మార్పులోని అర్థమును గమనింపుము. రోగి మంచము కొండమీది శానిటోరియమునుండి పల్లెలోని ఇంటికి వచ్చినది. మంచముతో కూడ నర్సు పనియు పల్లెకు వచ్చినది. ఆరు నెలలు తప్పకుండ మాత్రలు మ్రింగించునదెవరు? సగములో మానివేసిన రోగి ఇంటికి పోయి బ్రతిమాలునదెవరు? 1997నుండి దేశమున విస్తరించిన పద్ధతిలో రోగి కండ్లయెదుట మందు మ్రింగుట చూచు మనిషి ఒకరుండవలెను. ఆ మనిషి ఊరివారికి నమ్మకమైనవారై యుండవలెను. పట్టణమునుండి నిన్న వచ్చిన పడుచుపిల్లకంటె, ఇరువదియేండ్లుగా ఆ వీధిలో కాపురమున్న నలువదియేండ్ల అక్క మాటకు ఎక్కువ బలముండును.

నడివయసు స్త్రీల చదువును గూర్చి తలచునప్పుడు ఒక తెలుగు మహిళను మరువరాదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1909లో రాజమండ్రిలో పుట్టెను. ఎనిమిదేండ్లకే పెండ్లి చేసిరి. పెరిగిన తరువాత ఆమె ఆ పెండ్లిని విడిచెను. స్వాతంత్ర్యోద్యమములో జైలుకు పోయివచ్చిన పిమ్మట మెట్రిక్ మొదలుకొని చదివి 1942లో లాయరు పట్టా పొందెను. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించెను. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలై, 1958లో పెద్దవయసు స్త్రీలకు సంగ్రహ విద్యా తరగతులను ఏర్పాటు చేసెను. ఎన్నో యేండ్ల బడి చదువును సుమారు రెండేండ్లలో చెప్పి పరీక్షలకు పంపుట దాని పద్ధతి. ఎందుకు? పల్లెలలో పంతులమ్మలు, నర్సులు, మంత్రసానులు కావలసియుండిరి; మరియొక ప్రక్క విధవలు, దిక్కులేనివారు పని లేక యుండిరి. ఒక కొరతకు మరియొక కొరతయే తీర్పుగా ఆమె చూచెను.

మదర్ తెరెసా చరిత్రయు ఇక్కడ చెప్పదగినది. ఆమె కలకత్తాలో ఎన్నో యేండ్లు బడిలో పాఠములు చెప్పినది. 1948లో, 38 యేండ్ల వయసున, ఆ బడి విడిచి బీదల వాడలకు పోవుటకు ముందు పాట్నాలోని ఆసుపత్రికి పోయి రోగుల సేవ నేర్చుకొన్నది. తానును తనతో వచ్చువారును అన్నము ఉప్పు మాత్రమే తిని పనిచేయవలెనని ఆమె తలచగా, అక్కడి నర్సు సహోదరీలు వద్దని హెచ్చరించిరి. అట్లు తిన్నవారు తామే రోగులగుదురని చెప్పిరి. ఆమె విన్నది. ప్రేమ ఉన్నంత మాత్రమున చాలదు, నేర్చుకొనవలెను. సేవచేయువారు తిని నిద్రించి తమ దేహమును కాపాడుకొనవలెను.

ఈ చరిత్రనుండి మనము నేర్చుకొనవలసిన సంగతులు నాలుగు.

మొదటిది, తలుపులెక్కడ ఉన్నవో తెలిసికొనవలెను. నేటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిలు నియమముల ప్రకారము మూడేండ్ల జి.ఎన్.ఎం. చదువులోను, రెండేండ్ల ఎ.ఎన్.ఎం. చదువులోను, నాలుగేండ్ల బి.ఎస్సీ. నర్సింగులోను చేరుటకు వయసు 17నుండి 35 యేండ్ల వరకే. మొదటి రెంటికి ఏ గ్రూపులోనైనను ఇంటర్ పాసై యుండవలెను, బి.ఎస్సీ.కి సైన్సు చదివియుండవలెను. ఎ.ఎన్.ఎం. స్త్రీలకు మాత్రమే. ఇదివరకే ఎ.ఎన్.ఎం.గా పనిచేయుచున్నవారు జి.ఎన్.ఎం. చదువ గోరిన వారికి ఈ వయసు హద్దు లేదు. కనుక 33 యేండ్లవారు వచ్చే యేడు చూతమని వాయిదా వేయరాదు. 35 దాటినవారికి ఆ తలుపు మూయబడియున్నది. దానికి విచారించి ప్రయోజనము లేదు. మేరీ సీకోలువలె వేరొక తలుపు చూడవలెను. 2005లో ఏర్పడిన ఆశా కార్యకర్తల పని 25నుండి 45 యేండ్ల వయసుగల, ఆ ఊరిలోనే కాపురమున్న స్త్రీలకొరకే నిర్ణయింపబడినది. ఆసుపత్రులలో సహాయకుల పని, ఇండ్లలో వృద్ధులను మంచము పట్టినవారిని చూచు పని కలవు. వీటికి నర్సు అను పేరు లేకపోవచ్చును, పరిచర్య అను పేరు కలదు.

రెండవది, మోసపోరాదు. డబ్బు కట్టిన చాలు, వయసు అక్కరలేదు, తరగతులకు రానక్కరలేదు, సర్టిఫికెట్టు ఇత్తుమను దళారులు ఉందురు. గాజులో పుస్తెలో అమ్మి అట్టి కాగితము కొన్నవారిని ఏ ఆసుపత్రియు చేర్చుకొనదు. అంతకంటె ఘోరమేమనగా, నేర్వని చేతితో సూది వేసిన ప్రాణహాని కలుగును. బడికి కౌన్సిలు గుర్తింపు ఉన్నదో లేదో మొదట విచారించి, తరువాతనే రూకలు చెల్లింపవలెను.

మూడవది, తన్ను తాను పరీక్షించుకొనవలెను. కైసర్స్‌వెర్త్‌లో వచ్చినవారిని వెంటనే పరిచారకురాండ్రుగా నియమింపలేదు. కొంతకాలము పనిలో ఉంచి చూచిరి. మనమును అట్లే చేయవచ్చును. ఊరిలో మంచము పట్టిన ఒకరికి ఒక నెల దినములు స్నానము, బట్టలు, భోజనము, రాత్రి మేల్కొనుట చేసి చూడవలెను. నడుము నొప్పి, కాళ్ల వాపు, నిద్రలేమి సహింపగలమా? తనకంటె పదునైదేండ్లు చిన్నదైన సిస్టరు గద్దించినప్పుడు నేర్చుకొందుమా, అలుగుదుమా? నెల గడచిన పిమ్మట మనస్సులో విసుగే మిగిలిన, అది పాపము కాదు. దేవుని తోటలో వేరొక పని కలదు. విసుగుమధ్యను ఆ రోగి ముఖము చూడవలెనని మనస్సు లాగిన, ఆ లాగుటను తేలికగా ఎంచరాదు.

నాలుగవది సంఘమునకు. మనము గుడిలో నర్సులను పొగడుదుము. కోడలిగా నర్సు వద్దందుము. రాత్రి డ్యూటీకి పోవు స్త్రీ వెనుక గుసగుసలాడుదుము. ఫ్లోరెన్స్ తలిదండ్రుల అభ్యంతరమే మన వాకిళ్లలో నేటికిని నిలిచియున్నది. నడివయసు తల్లి చదువుకు బయలుదేరినప్పుడు ఆమె బిడ్డలకు రెండేండ్లు అన్నము పెట్టు ఇల్లు ఒకటి కావలెను. ఫీజుకు కొదువ పడినప్పుడు కోతకాలపు కానుకలలో ఒక పాలు కావలెను. ఇంటర్ తప్పినవానికి ఓపెన్ స్కూలులో మరల పరీక్ష వ్రాయుటకు సాయంకాలము పాఠము చెప్పు యువకుడు కావలెను. ఫ్లీడ్నరుగారి బీద సంఘమునకంటె మనము బీదలము కాము.

కుప్పము ఊరు మూడు రాష్ట్రముల కలయికలో నున్నది. ఈ శతాబ్దపు ఆరంభమున అక్కడ పి.ఇ.ఎస్. వైద్య కళాశాల వెలసిన తరువాత, తెలుగు, తమిళము, కన్నడము మాటలాడు రోగులు ఒకే వరుసలో మంచములమీద పడుకొనియుందురు. సంతలలోను కూలిపనులలోను ఆ మూడు భాషలు నేర్చిన మన నడివయసువారు, నొప్పి ఎక్కడ అని రోగి భాషలోనే అడుగగలరు. ఇది ఏ బడిలోను దొరకదు. తలిని పాతిపెట్టిన దుఃఖము, జ్వరపు బిడ్డ ప్రక్కన తెల్లవారుజామున కూర్చున్న అనుభవము, అప్పులవాని యెదుట నిలిచిన ఓర్పు, ఇవన్నియు పోయిన కాలమని మనము అనుకొందుము. రోగి మంచము దగ్గర అవి కూడబెట్టిన సొమ్ము.

గెర్‌ట్రూడ్ రైఖార్ట్ ఆ బీద ఇంటి వాకిట నిలిచి లోపలికి చూచినప్పుడు ఆమె కంటికి కనబడినవి విరిగిన కుర్చీలును కొందరు రోగులును. ఆమె కుర్చీలను లెక్కింపలేదు, రోగులను లెక్కించెను. మన ప్రాంతములో ఆ లెక్క నేటికిని తీరలేదు. ఎవరి మనస్సు లోపల కదలుచున్నదో వారు ఈ ఆదివారము ఆరాధనయైన పిమ్మట తమ సంఘపు పెద్దలతో ఆ మాట చెప్పుదురు గాక. పెద్దలు నవ్వక విందురు గాక.